అలుగు దాటిన నీరు

తెలుగులో ‘ఏరు’ అంటే పారే నీరు. తమిళంలో ‘ఏరి’ అంటే కట్ట వెనుక నిలిచిన నీరు, అంటే మన చెరువు. మాటలు రెండూ దగ్గరగా వినిపించినా ఒకటి కదిలే నీటికి పేరు, మరొకటి కదలని నీటికి పేరు. చెన్నైకి పడమట ఉన్న అంబత్తూరులో మాత్రం ఈ భేదం కొంత చెరిగిపోతుంది. అక్కడి ఏరిలో నీరు నిలిచినట్లే కనిపిస్తుంది గాని, నిజానికి అది ప్రయాణం చేస్తూ ఉంటుంది. అంబత్తూరు ఏరి నిండితే మిగులు నీరు కాలువ గుండా తూర్పున ఉన్న కొరట్టూరు ఏరికి చేరుతుంది. అదీ నిండితే ఆ నీరు మాధవరం దగ్గరి రెట్టేరికి పోతుంది. పేర్లు మూడు, కట్టలు మూడు, నీరు మాత్రం ఒక్కటే.

చెరువు నిండినప్పుడు కట్ట తెగకుండా మిగులు నీటిని బయటికి వదిలే రాతి కట్టడాన్ని అలుగు అంటారు. నెల్లూరు వైపు దానినే కలుజు అంటారు. తమిళంలో కలంగల్. పై చెరువు అలుగు నుండి వచ్చే నీరే కింది చెరువుకు వరవ. ఇలా ఒకదాని కింద ఒకటిగా కట్టిన వాటికి గొలుసుకట్టు చెరువులని పేరు. కాకతీయుల కాలంలో ఓరుగల్లు చుట్టుపక్కల ఇటువంటి చెరువులు ఎన్నో వెలిశాయి. పల్లవులు, చోళులు ఏలిన తొండైమండలంలోను అంతే. ఏడాది పొడుగునా పారే పెద్ద నది లేనిచోట, సంవత్సరపు వానలో సగానికి పైగా అక్టోబరు నుండి డిసెంబరు లోపే కురిసి పోయేచోట, ఒక్క చుక్కను మూడు ఊళ్లు వాడుకోవడానికి పెద్దలు పన్నిన ఉపాయం ఇది. పై ఊరివారు వాడుకోగా మిగిలినది కింది ఊరికి దక్కేది.

ఈ ఉపాయంలో ఒక నమ్మకం దాగి ఉంది. పై ఊరి నుండి వచ్చేది మంచి నీరే అయి ఉంటుందని కింది ఊరివారు నమ్మారు. మురుగును కూడా అదే దారి మోసుకు వస్తుందని ఆనాడు ఎవరూ అనుకొని ఉండరు.

అరక్కోణం నుండి చెన్నైకి వచ్చే లోకల్ రైలులో కూర్చుంటే అంబత్తూరు, పట్టరవాక్కం, కొరట్టూరు అనే స్టేషన్లు వరుసగా వస్తాయి. చెరువుల వరుస కూడా దాదాపు అదే. ఈ ప్రాంతంలో 1964లో పారిశ్రామిక వాడ ఏర్పడింది. వెయ్యి ఎకరాలకు పైగా విస్తరించిన ఆ వాడలో మోటారు విడిభాగాలు తయారుచేసేవి, లోహాలకు పూత పూసేవి, రంగులు వేసేవి, బట్టలు కుట్టేవి ఎన్నో చిన్న పరిశ్రమలు వచ్చాయి. పని కోసం జనం వచ్చారు. వారిలో ఆంధ్రదేశం నుండి వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. పొలాలు ఇళ్ల స్థలాలయ్యాయి. అంబత్తూరు 2011 వరకు వేరే పురపాలక సంఘంగా ఉండి, ఆ ఏడాది చెన్నై నగరపాలక సంస్థలో చేరింది. ఇళ్లు పెరిగినంత వేగంగా భూగర్భ మురుగు కాలువలు పెరగలేదు. వాననీటి కోసం తవ్విన కాలువలోకే ఇంటి మురుగు, పరిశ్రమల వ్యర్థజలం చేరసాగాయి. వాన లేని నెలల్లో కూడా కాలువ పారుతుంటే అది ఏ నీరో చెప్పడానికి శాస్త్రం అక్కరలేదు.

కొరట్టూరులో నివసించేవారు ‘కొరట్టూరు ఏరి పాదుకాప్పు మక్కళ్ ఇయక్కం’ అనే పేరుతో ఒక ప్రజా ఉద్యమాన్ని నిర్మించుకున్నారు. ‘పాదుకాప్పు’ అంటే రక్షణ. పై నుండి వచ్చే మిగులు కాలువ తమ చెరువుకు మురుగునూ రసాయనాలనూ తెస్తున్నదని వారి ఫిర్యాదు. 2010 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ పీఠం ముందుకు ఈ గొలుసు చెరువుల సంగతి వెళ్లింది. గూడబాతులు, కొంగలు దిగే ఆ చెరువు కోసం ఊరివారు న్యాయస్థానం దాకా పోవలసి వచ్చిందంటే, కావలసినది కోపం మాత్రమే కాదని తెలుస్తుంది. న్యాయస్థానం ముందు ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: నీరు పాడైందని చూపండి, అది ఎక్కడ పాడైందో చూపండి.

ఈ రెండో ప్రశ్నే అసలైనది. నీరు చెడిందని ముక్కు చెబుతుంది. ఎక్కడ చెడిందో కొలిస్తేనే గాని తెలియదు. ఈ పని పెద్ద పెద్ద ప్రయోగశాలలవారే చేయాలని లేదు. బడి పిల్లలు చేసి చూపిన సందర్భాలు ఉన్నాయి. వాటిలో బాగా పేరు పొందినది అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో జరిగింది.

అక్కడ యాన్ ఆర్బర్ అనే ఊళ్లో హ్యూరన్ నది ఒడ్డునే హ్యూరన్ హైస్కూలు ఉంది. పలకకు తెరచాప కట్టి నీటిపై జారే ఆట అక్కడి పిల్లలకు ఇష్టం. 1984లో అలా నదిలో ఆడుకున్న విద్యార్థుల్లో కొందరికి హెపటైటిస్-ఎ అనే కామెర్ల వ్యాధి సోకింది. ఇది రోగి మలంతో కలుషితమైన నీటి వల్ల, ఆహారం వల్ల వచ్చే జబ్బు. అయితే ఆ నదిలోకి మలం ఎలా వచ్చింది? జీవశాస్త్రం చదువుతున్న ఆ బడి విద్యార్థులు ఈ ప్రశ్నను వదలలేదు. మిచిగన్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విద్య బోధించే విలియం స్టాప్ అనే ఆచార్యుడు వారికి తోడు నిలిచాడు. వారు నదిలో పలుచోట్ల నీరు పట్టి, మలంలో ఉండే కోలిఫాం అనే సూక్ష్మజీవులను లెక్కించారు. లెక్క ఎక్కడ ఎక్కువగా వచ్చిందో అక్కడి నుండి వెనక్కి నడిచారు. వాననీటి కోసం వేసిన గొట్టాలలోకి మురుగు చేరుతున్నదన్న చోటికి ఆ జాడ తీసుకుపోయింది. పిల్లలు తమ లెక్కలు పట్టుకొని ఊరి పాలకుల ముందుకు వెళ్లారు.

1987లో డెట్రాయిట్ నగరం మీదుగా పారే రూజ్ నది పొడుగునా ఉన్న బడులు ఇదే పద్ధతి చేపట్టాయి. ఎగువన ఉన్న శివారు బడులు, దిగువన ఉన్న నగరపు బడులు ఒకే నదిని వేర్వేరు చోట్ల పరీక్షించి, ఫలితాలను కంప్యూటర్ల ద్వారా పంచుకున్నాయి. ఇంటర్నెట్ ఇంటింటికీ రాని రోజులవి. ఎగువన ఉన్నవారికి తమ ఊరి నీరు దాటిపోయాక ఏమవుతుందో అంతవరకు తెలియదు. దిగువన ఉన్నవారికి తమ దగ్గరికి వచ్చేది ఎక్కడిదో తెలియదు. లెక్కలు పక్కపక్కన పెట్టినప్పుడు రెండూ తెలిశాయి. 1989లో స్టాప్, ఆయన సహచరులు దీనిని ‘గ్రీన్’ అనే పేరుతో ప్రపంచవ్యాప్త నదుల విద్యా సంస్థగా మార్చారు.

మన దేశంలోనూ ఇందుకు వేదిక ఉంది. 1993 నుండి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ జరుగుతున్నది. పది నుండి పదిహేడేళ్ల లోపు పిల్లలు చిన్న బృందంగా చేరి, తమ ఊరి సమస్య ఒకటి ఎంచుకొని, స్వయంగా పరిశోధించి చూపాలి. పుస్తకంలో ఉన్న జవాబును తిరిగి రాస్తే అక్కడ చెల్లదు. అంబత్తూరు, పాడి, కొరట్టూరు, కొళత్తూరు బడుల్లో చదివే పిల్లలకు ఇంతకంటె దగ్గర విషయం మరొకటి దొరకదు.

అయితే పని ఎక్కడ మొదలుపెట్టాలి? సీసాలతో కాదు, కాళ్లతో. ముందుగా కాలువ వెంబడి నడిచి పటం గీయాలి. ఏ చోట ఏ గొట్టం కాలువలో పడుతున్నది, ఏ చోట చెత్త పోస్తున్నారు, ఎక్కడ పశువులను కడుగుతున్నారు, ఎక్కడ నీటి రంగు మారింది, ఇవన్నీ పటంలో గుర్తించాలి. ఏ గొట్టం ఎక్కడి నుండి వస్తుందో బాగా తెలిసినవారు మురుగు కాలువలు శుభ్రపరిచే కార్మికులు. చెన్నై నగరంలో ఆ పని చేసేవారిలో తెలుగు మాట్లాడే కుటుంబాలవారు చాలామంది ఉన్నారు. కనుక తెలుగు బడి పిల్లలకు వారితో మాట్లాడడానికి దుబాసీ అక్కరలేదు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగు గుంటలోకి దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం రాకముందూ, వచ్చిన తరువాతా ఆ గుంటల్లో ప్రాణాలు పోయినవారున్నారు. నీటి పరీక్ష చేసే పిల్లలు కూడా ఒడ్డుననే ఉండాలి. పొడవాటి కర్రకు కట్టిన పాత్రతో నీరు తీయాలి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. పెద్దవారు ఒకరు తప్పక వెంట ఉండాలి.

పటం పూర్తయ్యాక పరీక్ష చేసే చోట్లు ఎంచుకోవచ్చు. ఒక గొట్టం మీద అనుమానం ఉంటే ఆ గొట్టం దగ్గర నీరు పట్టినంత మాత్రాన చాలదు. అది కలిసే చోటుకు కొంచెం పైన ఒక సీసా, కొంచెం కింద ఒక సీసా పట్టాలి. పై సీసాకూ కింది సీసాకూ మధ్య ఎంత తేడా వచ్చిందో అంతే ఆ గొట్టం చేసిన పని. పై సీసాలోనే నీరు చెడి ఉంటే నేరం ఇంకా పైన వెతకాలి. చెరువు విషయంలోనూ ఇంతే. నీరు వచ్చి పడేచోట ఒకటి, కట్ట మధ్యన ఒకటి, అలుగు దగ్గర ఒకటి.

ఇక దేనిని కొలవాలి? అన్నిటిలోకి ముఖ్యమైనది నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్. చేపలు పీల్చేది నీటిని కాదు, నీటిలో కరిగిన ఈ ఆక్సిజన్‌ను. గాలిలో ఆక్సిజన్‌కు కొదవ లేదు. ఒక లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాములు ఉంటుంది. కాని 30 డిగ్రీల వేడి ఉన్న శుభ్రమైన నీరు ఒక లీటరు తీసుకుంటే అందులో కరిగేది ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే. నీరు వేడెక్కేకొద్దీ అదీ తగ్గుతుంది. చల్లని దేశాల నదుల కంటె మన చెరువులకు ఈ విషయంలో పుట్టుకతోనే పేదరికం ఉందన్నమాట. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం మనుషులు స్నానం చేయదగిన నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు, చేపలు బతికే నీటిలో కనీసం 4 మిల్లీగ్రాములు ఆక్సిజన్ ఉండాలి.

దీనిని కొలవడానికి హంగరీ దేశపు రసాయన శాస్త్రవేత్త వింక్లర్ 1888లో కనిపెట్టిన పద్ధతి నేటికీ బడి ప్రయోగశాలల్లో పనికి వస్తున్నది. గాలి బుడగ లేకుండా గాజు సీసాను నీటితో నింపి, అందులో మాంగనీసు లవణాన్ని, క్షారం కలిపిన అయొడైడును కొద్ది కొద్దిగా చేరుస్తారు. నీటిలో ఆక్సిజన్ ఉంటే సీసా అడుగున గోధుమ రంగు మడ్డి దిగుతుంది. ఆక్సిజన్ బొత్తిగా లేకపోతే మడ్డి తెల్లగా ఉంటుంది. మిగిలిన లెక్కంతా తరువాత ఆమ్లం చేర్చి, గంజి కలిపి తేల్చేది. ఆమ్లంతో కూడిన ఆ భాగాన్ని ఉపాధ్యాయులే చేయాలి. అయితే ఆ తెల్లని మడ్డి చూసిన పిల్లలకు అంకె చెప్పక్కరలేదు. ఆ నీటిలో చేప ఎందుకు లేదో అప్పుడే అర్థమవుతుంది.

మురుగు నీరు ఆక్సిజన్‌ను ఎలా తినేస్తుంది? నిజానికి తినేది మురుగు కాదు, మురుగును ఆహారంగా తీసుకొనే సూక్ష్మజీవులు. వాటికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలతను బి.ఓ.డి. అంటారు. ఒక సీసా నీటిలో ఆక్సిజన్ ఈరోజు కొలిచి, అదే నీటితో నింపిన మరో సీసాను చీకట్లో ఉంచి, కొన్ని రోజుల తరువాత మళ్లీ కొలుస్తారు. తగ్గినదే ఖర్చు. బ్రిటన్‌లో ఈ గడువును అయిదు రోజులుగా పెట్టుకున్నారు. అక్కడి నదుల నీరు సముద్రం చేరడానికి అయిదు రోజులకు మించి పట్టదన్న లెక్కే అందుకు కారణమని చెబుతారు. మన దేశంలో ఎండ ఎక్కువ, సూక్ష్మజీవుల పనీ చురుకు. అందుచేత 27 డిగ్రీల వేడిలో మూడు రోజుల గడువును మన ప్రమాణంగా స్వీకరించారు.

ఇళ్ల నుండి వచ్చే మురుగుకు బి.ఓ.డి. సాధారణంగా లీటరుకు 200 నుండి 300 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. 250 అనుకొని ఒక చిన్న లెక్క చేసి చూడండి. లీటరు శుభ్రమైన నీటిలో ఉన్నది ఏడున్నర. అంటే ఒక్క లీటరు మురుగు ముప్పైమూడు లీటర్ల మంచి నీటిలోని ఆక్సిజన్‌ను పూర్తిగా ఖాళీ చేయగలదు. చెరువు ఎంత పెద్దదైనా రాత్రింబవళ్లు పారే చిన్న కాలువకు ఎందుకు లొంగిపోతుందో ఈ లెక్క చెబుతుంది. ఒక బిందెడు మురుగు పడితే చెరువు సర్దుకుంటుంది. గాలి నుండి, మొక్కల నుండి ఆక్సిజన్ మళ్లీ తెచ్చుకుంటుంది. ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకపోవడమే ప్రమాదం.

ఇక్కడ పిల్లలే కాదు, పెద్దలు కూడా మోసపోయే సంగతి ఒకటి ఉంది. మురుగుతోపాటు వచ్చే నత్రజని, భాస్వరం మొక్కలకు ఎరువు. వాటిని తిని నీటిలో నాచు దట్టంగా పెరిగి, చెరువు ఆకుపచ్చగా మారుతుంది. పగలు ఎండలో ఆ నాచు కిరణజన్య సంయోగక్రియ జరిపి ఆక్సిజన్ వదులుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు అటువంటి చెరువును పరీక్షిస్తే లీటరుకు పది మిల్లీగ్రాములకు మించి కూడా ఆక్సిజన్ కనిపించవచ్చు. నీరు దివ్యంగా ఉందని రాసుకొని ఇంటికి పోవచ్చు. పొద్దు గూకాక ఆక్సిజన్ ఇచ్చేవారెవరూ ఉండరు, పీల్చేవారే అందరూ. నాచు కూడా పీలుస్తుంది. తెల్లవారుజామున అదే చెరువులో ఆక్సిజన్ దాదాపు లేకుండా పోతుంది. చెరువులో చేపలు ఒక్కసారిగా చచ్చి తేలినట్లు ఉదయం పూటనే ఎక్కువగా వినడానికి కారణం ఇదే. కాబట్టి నీటి సీసా మీద చోటు పేరు రాసినట్లే సమయం కూడా రాయాలి. సమయం లేని అంకె సగం అబద్ధం. కొన్నిచోట్ల నాచుకు బదులు గుర్రపుడెక్క చెరువును కప్పేస్తుంది. ఊదారంగు పూలతో చూడడానికి అందంగానే ఉంటుంది గాని, కిందికి వెలుతురూ గాలీ రానివ్వదు.

తరువాతి పరీక్షలు కొంత తేలిక. పి.హెచ్. కాగితం ముంచితే నీరు ఆమ్లమో క్షారమో రంగు చెబుతుంది. ఏడు మధ్యస్థం. తాగే నీటికి ఆరున్నర నుండి ఎనిమిదిన్నర వరకు అనుమతి. ఆరు అంటే ఏడు కంటె కొంచెం తక్కువ అనుకోరాదు. ఒక్కొక్క అంకె తగ్గితే ఆమ్లత పదింతలు పెరుగుతుంది. లోహపు పూత పూసే చోట, తుప్పు వదిలించే చోట వాడిన ఆమ్లం సరిగా శుద్ధి కాకుండా బయటికి వస్తే ఈ కాగితం పట్టిస్తుంది.

నీటిలో కరిగిన లవణాలను చెప్పే టి.డి.ఎస్. మీటరును మీరు చూసే ఉంటారు. నీటి శుద్ధి యంత్రం అమ్మేవారు దానిని జేబులో పెట్టుకొని ఇంటింటికీ వస్తారు. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిది. వేరే నీరు దొరకనప్పుడు 2000 వరకు అనుమతిస్తారు. అయితే అమ్మేవారు చెప్పని మాట ఒకటి ఉంది. ఆ మీటరు లవణాలనే లెక్కపెడుతుంది, రోగక్రిములను లెక్కపెట్టదు. మీటరు 150 చూపే నీటిలో కామెర్ల క్రిమి ఉండవచ్చు; 800 చూపే నీటిలో ఒక్క క్రిమీ లేకపోవచ్చు. అయినా పరిశోధనకు ఈ మీటరు మంచి సాయం చేస్తుంది, ముఖ్యంగా ఆదివారం నాడు. వారంలో ఆరు రోజులు, సెలవు రోజున కూడా, ఒకే వేళకు కాలువ నీటిలో లవణాలు కొలిచి చూడాలి. పరిశ్రమలు మూసిన రోజున అంకె బాగా పడిపోతే అనుమానం అటు పోతుంది. సెలవు రోజున కూడా అంకె తగ్గక, ఉదయం ఇళ్లలో స్నానాలు, బట్టలుతుకుళ్లు జరిగే వేళకు పెరుగుతుంటే తప్పు మన గుమ్మంలోనే ఉంది. ఈ రెండో ఫలితాన్ని కూడా అంతే నిజాయితీగా రాయడం పరిశోధన. ముందుగా దోషిని నిర్ణయించుకొని అంకెలు వెతికితే దానికి వేరే పేరు ఉంది.

బడిలో చేయలేని పరీక్షలూ ఉన్నాయి. క్రోమియం, నికెల్, సీసం వంటి లోహాలు నీటిలో కరిగి ఉంటే కంటికీ ముక్కుకూ తెలియకపోవచ్చు. వాటికి కళాశాల ప్రయోగశాలో, 1982లో ఏర్పడిన తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి ప్రయోగశాలో కావాలి. అక్కడికి పంపే సీసా ఏ చోట, ఏ రోజున పట్టాలో చెప్పగలిగేది మాత్రం ముందుగా కాలువ వెంట నడిచినవారే.

రోగక్రిముల విషయంలో మన దేశ శాస్త్రవేత్తలు చేసిన మేలు ఒకటి చెప్పుకోవాలి. కోలిఫాం పరీక్షకు ప్రయోగశాల, పరికరాలు కావాలి. సైన్యం ఎక్కడికి పోయినా నీటిని పరీక్షించుకోవలసిన అవసరం ఉంది గనుక, గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థకు చెందిన మాంజా, ఆయన సహచరులు ఒక చవకైన సీసాను తయారుచేసి 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటించారు. సీసాలో మందు అద్దిన కాగితపు ముక్క ఒకటి ఉంటుంది. నీరు పోసి మూతపెట్టి ఒకటి రెండు రోజులు ఉంచాలి. మలంతో వచ్చే సూక్ష్మజీవులు ఉంటే అవి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పుట్టిస్తాయి. అది కాగితంలోని ఇనుముతో కలిసి సీసా అంతా నల్లగా మారుతుంది. చదువు రానివారికి కూడా ఆ నలుపు అర్థమవుతుంది. ఈ సీసా ఉద్దేశం తాగే నీటిని పరీక్షించడమే. కుళ్లిన బురదలో ఆ వాయువు ముందే ఉంటుంది కాబట్టి మురుగు కాలువ నీటిలో దీనిని వాడి ప్రయోజనం లేదు. చెరువు చుట్టూ ఉన్న ఇళ్ల బావులు, బోర్ల నీటిలో వాడాలి. కట్ట వెనుక నిలిచిన నీరు నేలలోకి ఇంకి ఆ బావులకే చేరుతుంది. చెరువులో నేడు పడినది రేపు చేదలో రావచ్చు.

ఇది ఊహ మాత్రమే కాదు. 1955 చివరలో ఢిల్లీలో యమునా నది మట్టం తగ్గి, నజఫ్‌గఢ్ మురుగు కాలువ నీరు వెనక్కి తన్ని, నగరానికి తాగునీరు తీసుకునే వజీరాబాద్ చోటుకు చేరింది. నీటిలో క్లోరిన్ కలిపినా ఆపలేకపోయింది. కొద్ది వారాల్లో 29,000 మందికి పైగా కామెర్లతో మంచం పట్టారు. ఆ వ్యాధి హెపటైటిస్-ఇ అని చాలా ఏళ్లకు గాని తేలలేదు. కాలువ ఎప్పుడూ పారే దిక్కునే పారుతుందని నమ్మినందువల్ల వచ్చిన కష్టం అది.

చెన్నైలోని తెలుగువారికి నీటి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 1983లో కుదిరిన ఒప్పందం ప్రకారం తెలుగుగంగ పథకం వచ్చింది. శ్రీశైలం నుండి బయలుదేరిన కృష్ణా నీరు రాయలసీమ, నెల్లూరు జిల్లాలు దాటి, కండలేరు నుండి 177 కిలోమీటర్ల కాలువలో నడిచి పూండి జలాశయానికి చేరుతుంది. మొదటిసారి 1996లో ఆ నీరు తమిళనాడు సరిహద్దు దాటినప్పుడు జనం పూలు చల్లారు. నాలుగు వందల కిలోమీటర్ల దూరం నుండి నీరు తెచ్చుకునే నగరంలో, రైలు స్టేషన్ పక్కన ఉన్న చెరువు నీటిలో చేయి పెట్టడానికి సంకోచించవలసి వస్తున్నది. హైదరాబాదులోనూ కథ ఇటువంటిదే. 1562లో తవ్వించిన హుస్సేన్‌సాగర్‌కు కూకట్‌పల్లి నాలా నీరు తెచ్చే దారి. ఆ నాలా పరీవాహకంలో పారిశ్రామిక వాడలు వచ్చాక అదే దారిన రసాయనాలూ వచ్చాయి.

పరీక్ష ఎప్పుడెప్పుడు చేయాలన్నది చివరి ప్రశ్న. చెన్నైలో ఏడాదికి కనీసం మూడుసార్లు నీరు పట్టాలి. ఎండ ముదిరిన మే నెలలో మంచి నీరు కలవదు గనుక కాలువ తన అసలు రూపం చూపుతుంది. అక్టోబరులో ఈశాన్య ఋతుపవనాల తొలి వాన పడిన రోజున, వీధుల్లోనూ కాలువల్లోనూ పేరుకున్నదంతా ఒక్కసారిగా చెరువులోకి కొట్టుకు వస్తుంది. వాన వస్తే నీరు బాగుపడుతుందనుకునేవారు ఆ రోజు సీసా చూస్తే ఆశ్చర్యపోతారు. జనవరిలో చెరువులు నిండి, అలుగులు పారి, నీరు తేరుకున్నాక మూడోసారి పట్టాలి. అంబత్తూరు అలుగు దగ్గర ఒక సీసా, కొరట్టూరులో నీరు వచ్చి పడేచోట ఒకటి, కొరట్టూరు అలుగు దగ్గర ఒకటి, రెట్టేరి ఒడ్డున ఒకటి. నాలుగింటినీ కిటికీ వెలుతురులో వరుసగా నిలబెట్టి, చోటు, తేదీ, గంట రాసిన చీటీలు అంటించాలి. అంబత్తూరు సీసాకూ కొరట్టూరు సీసాకూ మధ్య అంకె మారితే, ఆ రెండు చోట్ల మధ్య కాలువ ఎంత పొడుగుందో ఆ బృందం మొదటి రోజు గీసిన పటంలోనే ఉంటుంది. మరునాడు ఉదయం నడవవలసిన దారి అదే.